‘ఫ్యామిలీ డిస్ప్యూట్’ అంటే ఏమిటి?

కొన్ని ఇంగ్లీషు మాటలు మన జీవితాల్లోకి ఎప్పుడు వచ్చాయో మనకే తెలియదు. ‘డిస్ప్యూట్’ అలాంటి మాట. ఉప్పల్, నాచారం బస్తీల్లో బడి మొహం చూడని స్త్రీలు కూడా ఈ మాట అంటారు. "స్టేషన్‌కు పోయిన మేడం, ఫ్యామిలీ డిస్ప్యూట్ అని రాసుకున్నరు" అంటారు. ఆమె చెప్పింది నిన్న రాత్రి తనకు ఏం జరిగిందో. కాగితం మీదికి ఎక్కింది మాత్రం ఒక పేరు. ఆమె చెప్పినదానికీ, ఆ పేరుకూ మధ్య ఉన్న దూరం గురించి స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనం ఆలోచించాల్సిన అవసరం ఉంది.

ఈ మాట ఏ ఒక్క స్టేషన్‌దో కాదు. పిటిషన్ తీసుకునే చోట, కౌన్సెలింగ్ గదిలో, ఆస్పత్రిలో, వకీలు ఆఫీసులో అంతటా ఇదే వాడుక. పత్రికల్లో ఇదే మాట తెలుగు వేషం వేసుకుని ‘కుటుంబ కలహాలు’ అవుతుంది. ‘కుటుంబ కలహాలతో వివాహిత ఆత్మహత్య’ అనే శీర్షిక మనం ఎన్నిసార్లు చదివి ఉంటామో లెక్కలేదు. అంతెందుకు, మన సంస్థల రిజిస్టర్లు తెరిచి చూడండి. ‘సమస్య రకం’ అన్న గడిలో ‘ఫ్యామిలీ డిస్ప్యూట్’ అని ఎన్నిచోట్ల కనబడుతుందో! మూడు నెలలకోసారి పంపే నివేదికల్లోనూ అదే లెక్క వెళుతుంది.

అసలు ఆ మాటకు అర్థమేమిటి? లాటిన్ మూలంలో దానికి ఒక విషయాన్ని అటూ ఇటూ తర్కించడం, చర్చించడం అని అర్థం. ఇంగ్లీషులో డిస్ప్యూట్ ఉండాలంటే ఇద్దరు ఉండాలి, ఇద్దరికీ చెరొక వాదం ఉండాలి, ఆ వాదం వినిపించే అవకాశం ఇద్దరికీ ఉండాలి. గెట్టు తగాదా డిస్ప్యూటే. జీతం పెంచమని యూనియన్, కుదరదని యాజమాన్యం అనుకోవడం డిస్ప్యూటే. కానీ ఒకరు కొట్టి మరొకరు దెబ్బలు తిన్నప్పుడు అక్కడ చర్చ ఎక్కడుంది? రెండో వాదం ఏది? కూరలో ఉప్పు ఎక్కువైందన్నది వాదమా?

మన భాషలో కూడా ఇంటి గొడవకు మాటలకు తక్కువ లేదు. వాటిని కొంచెం తిప్పి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ‘తగాదా’ మనకు ఉర్దూ మీదుగా వచ్చింది. అరబీ, ఫార్సీల్లోని ‘తకాజా’ దానికి మూలం. రావలసిన బాకీ గట్టిగా అడగడం అని అర్థం. ‘తగవు’ అచ్చ తెలుగు మాట. ‘తగు’ అన్న ధాతువు నుంచి పుట్టింది. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగినది. న్యాయం అన్న అర్థం పోయి కొట్లాట అన్న అర్థం మిగిలింది. తెలంగాణలో ‘పంచాయితీ’ కూడా ఇదే దారి పట్టింది. తీర్పు చెప్పే అయిదుగురి సభ పేరు, చివరికి గొడవకే పేరైంది. "వాళ్ళింట్ల రోజు పంచాయితే" అంటాం. ఇక ‘కొట్లాట’ను చూడండి. ఆ మాట నిర్మాణంలోనే ఒకరినొకరు కొట్టుకోవడం ఉంది. ఒక్కరే కొడితే అది కొట్లాట కాదు, కొట్టుడు. అయినా "మొగుడు పెండ్లాల కొట్లాట" అనేస్తాం. దెబ్బ ఒకవైపు, పేరు రెండువైపులా.

కనుక తప్పంతా ఇంగ్లీషు మాటది కాదు. మన ఊళ్ళలో పెద్దమనుషులు చెట్టుకింద చేసిన పనినే ఇంగ్లీషు మాట ఆఫీసులో చేస్తున్నది. కాకపోతే ఇంగ్లీషులో రాసేసరికి దానికి ఒక హుందా వచ్చింది. చట్టం మాటలా వినిపిస్తుంది. ఎదురు అడగడానికి ఆ స్త్రీకి నోరు రాదు.

‘ఫ్యామిలీ డిస్ప్యూట్’లో రెండు మాటలున్నాయి. రెండూ చెరొక పని చేస్తాయి. ‘ఫ్యామిలీ’ అన్నది తలుపు వేస్తుంది. ఇది ఇంటి లోపలి విషయం, బయటివాళ్ళకు సంబంధం లేదు అంటుంది. ‘డిస్ప్యూట్’ అన్నది ఆ మూసిన తలుపు వెనక ఉన్న ఇద్దరినీ సమానం చేస్తుంది. ఇద్దరిదీ తప్పుంది, ఇద్దరూ సర్దుకోవాలి అంటుంది. ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అని చిన్నప్పటి నుంచీ విన్న స్త్రీకి ఈ రెండు మాటలూ కలిసి చెప్పేది ఒక్కటే: "ఇంటికి పో."

‘లోపలి విషయం’ అన్న ఈ ఎత్తుగడ ఇళ్ళతో ఆగలేదు. తమ ప్రజల మీద తాము సాగించే హింసను ప్రశ్నిస్తే ప్రభుత్వాలు కూడా ‘మా అంతర్గత వ్యవహారం’ అంటాయి. 1949 నాటి జెనీవా ఒప్పందాలు నాలుగింటిలోనూ మూడో అధికరణం ఒకే రకంగా ఉండటానికి కారణం ఇదే. దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణలో కూడా కొన్ని పనులు చేయకూడదని అది చెప్పింది. ఇంటి విషయంలో అలాంటి మాట రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. స్త్రీల మీద హింస వివక్షలో భాగమేనని ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ 1992లో స్పష్టం చేసింది. ఆ ఒడంబడికను భారత ప్రభుత్వం 1993లో ఆమోదించింది.

మన దగ్గర కూడా ఆ తలుపు ఊరికే తెరుచుకోలేదు. భర్త తాగి రావడం, కూలి డబ్బులు లాక్కోవడం, కొట్టడం ఎన్నో తరాలు ఇంటి గొడవగానే చలామణీ అయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన స్త్రీలు అది ఇంటి గొడవ కాదు, సారా వ్యాపారం అన్నారు, ప్రభుత్వ ఆదాయం అన్నారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారన్నది వేరే సంగతి. పేరు మార్చి పిలిస్తే నిలదీయాల్సిన మనిషి కూడా మారతాడని మాత్రం ఆ స్త్రీలు చూపించారు.

చట్టంలోనూ మాట మారింది. 1983లో శిక్షాస్మృతిలో 498ఎ చేరినప్పుడు దానిలో ఉన్న మాట ‘క్రూరత్వం’. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వచ్చాయి. ఆ మాట మాత్రం అలాగే ఉంది. 2005లో చేసి 2006 అక్టోబరులో అమల్లోకి తెచ్చిన చట్టం పేరే గృహహింస చట్టం. శారీరక, లైంగిక, మానసిక, ఆర్థిక హింసలు నాలుగూ హింసేనని అది చెప్పింది.

ఆ చట్టం కింద చేసిన 2006 నియమాల్లో 14వ నియమం మనమంతా శ్రద్ధగా చదవాలి. అది కౌన్సెలింగ్ గురించి. హింస మళ్ళీ జరగదన్న హామీ రాబట్టడమే కౌన్సెలింగ్ స్వభావం అని అది చెబుతుంది. హింసను సమర్థించుకుంటూ ఎదురు కారణాలు చెప్పుకోవడానికి ప్రతివాదికి వీల్లేదని కూడా చెబుతుంది. అంటే "నేను కొట్టాను సరే, ఆమె ఏమన్నదో అడగండి" అనే మాటకు ఆ గదిలో చోటు లేదు. డిస్ప్యూట్‌కు చోటు లేదన్నమాట! అదే చట్టం కింద రక్షణాధికారి నింపే పత్రం పేరు ‘డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్టు’. అందులో గడులు ఎలా ఉంటాయి? హింస జరిగిన తేదీ, చోటు, సమయం. హింసకు పాల్పడిన వ్యక్తి. హింస రకం. ఇన్సిడెంట్ అంటే సంఘటన. సంఘటనకు తేదీ ఉంటుంది, చేసినవాడు ఉంటాడు. డిస్ప్యూట్‌కు ఈ రెండూ ఉండవు.

అయితే న్యాయస్థానాలే ఈ మాటకు చోటిచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చాలా మంచి తీర్పు చెప్పింది. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరాలన్నది. కానీ ముందుగా ప్రాథమిక విచారణ చేయదగిన కేసుల జాబితా ఇస్తూ, అందులో మొట్టమొదట రాసింది ‘వైవాహిక వివాదాలు, కుటుంబ వివాదాలు’ అని. ఆ విచారణ ఫిర్యాదు నిజమా కాదా తేల్చడానికి కాదు, కాగ్నిజబుల్ నేరం కనబడుతున్నదా లేదా చూడటానికి మాత్రమే అని కూడా ఆ తీర్పే చెప్పింది. ఆచరణలో జనానికి గుర్తున్నది మొదటి సగం. రెండో సగం ఎవరూ చెప్పరు.

2017లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 498ఎ ఫిర్యాదులన్నీ ముందు జిల్లా కుటుంబ సంక్షేమ కమిటీలకు పంపాలన్నది. 2018లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కమిటీలను తొలగించింది. అలహాబాదు హైకోర్టు 2022లో అలాంటి కమిటీలతోనే, రెండు నెలల విరామంతో ఇచ్చిన సూచనలను సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి 2025 జులైలో మళ్ళీ సమర్థించింది. క్రూరత్వమా, కలహమా అన్న ప్రశ్న ఇంకా తేలలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

రాజీ సంగతికి వద్దాం. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి 498ఎ కేసుల్లో రాజీకి అవకాశం ఇచ్చింది. కానీ ఎలా ఇచ్చింది? కోర్టు అనుమతి ఉండాలి. రాజీ కోరిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవాలి. ఆ లోపల ఎవరూ వెనక్కు తగ్గకూడదు. స్త్రీ తొందరపాటులోనో, బెదిరింపు వల్లనో ఒప్పుకుని ఉండవచ్చునన్న గుర్తింపు ఆ మూడు నెలల్లో ఉంది. కోర్టులోనే మూడు నెలలు ఆగమన్న పనిని బల్ల దగ్గర ఒక పూటలో ముగించడానికి వీలు కల్పిస్తున్నదేమిటి? ‘డిస్ప్యూట్’ అన్న మాటే. కేసే కాలేదు కనుక అనుమతీ అక్కరలేదు, గడువూ అక్కరలేదు.

ఉప్పల్, నాచారంలో ఈ మాట మరింత బలంగా పనిచేయడానికి కారణాలున్నాయి. ఇవి పారిశ్రామికవాడలు పెరిగిన చోట్లు. వాటి చుట్టూ మల్లాపూర్, చిలకానగర్, రామంతాపూర్ వైపు అద్దె ఇళ్ళు పెరిగాయి. పనికోసం వచ్చినవాళ్ళలో వరంగల్, జనగామ, నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఒడిశా, బీహార్ల నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఒక స్త్రీని ఊహించుకుందాం. ప్యాకింగ్ పనికి పోతుంది. తల్లిగారిల్లు వంద కిలోమీటర్ల దూరం. అద్దె కాగితం భర్త పేర ఉంది. ఒక రోజు స్టేషన్‌కు పోతే ఒక రోజు కూలి పోతుంది. తండ్రి వరంగల్ బస్సెక్కి ఉప్పల్ చౌరస్తాలో దిగి, సాయంత్రం బస్సుకే తిరిగి పోవాలి. ఆ మధ్య ఉన్న నాలుగు గంటల్లో ‘డిస్ప్యూట్ సెటిల్’ కావాలి. అవుతుంది కూడా. ఎవరికి తక్కువ బలం ఉందో వాళ్ళ మీదుగా సెటిల్ అవుతుంది.

ఇప్పుడు లెక్కలు చూడండి. 2019–21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో నూటికి దాదాపు 37 మంది భర్త హింసకు గురయ్యామన్నారు. అదే సర్వేలో నూటికి దాదాపు 84 మంది స్త్రీలు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. రెండో అంకె చూసి స్త్రీలను నిందించడం సులువు. కానీ దెబ్బను దెబ్బ అని పిలిచే మాట బయట ఎక్కడా వినబడనప్పుడు ఆమె మాత్రం దాన్ని ఏమని పిలుస్తుంది?

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో 48,172 మంది స్త్రీలు ఆత్మహత్య చేసుకున్నారు. అందులో 25,309 మంది గృహిణులు. అన్ని ఆత్మహత్యల్లోనూ, స్త్రీపురుషులందరినీ కలిపి, కారణాల్లో మొదటి స్థానం ‘కుటుంబ సమస్యల’ది, 31.7 శాతం. పెళ్ళికి సంబంధించిన సమస్యలు వేరే గడిలో, 4.8 శాతం. ‘కుటుంబ సమస్యలు’ అన్న గడిలో ఏముంది? పిల్లవాడి చదువు గురించిన మాటా మాటా ఉందా, ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలున్నాయా? బతికి ఉండగా డిస్ప్యూట్ అని రాసుకున్న కాగితమే చనిపోయాక ‘సమస్య’ అయి ఆ గడిలో చేరుతున్నదేమో అన్న అనుమానం మనకు రావాలి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వరకట్న మరణం కేసులో చావుకు కొద్దికాలం ముందు కట్నం కోసం ఆమెను హింసించారని చూపించాలి. అప్పుడే చట్టం భర్త మీదా, అత్తింటివారి మీదా అనుమానం నిలుపుతుంది. ఆమె మూడుసార్లు స్టేషన్‌కు వచ్చి ఉండవచ్చు. మూడుసార్లూ ‘డిస్ప్యూట్, కౌన్సెలింగ్ చేసి పంపాం’ అని ఉంటే, ఎవరు కొట్టారో, ఏమి అడిగారో, ఎప్పుడో ఎక్కడా లేకపోతే, ఆమె తరఫున మాట్లాడేది ఏది? పైగా ‘ఇద్దరి మధ్య గొడవలున్నాయి, ఆమెకు కోపం ఎక్కువ’ అనే వాదానికి ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది. ఆమె సాయం కోసం వేసిన అడుగే ఆమెకు ఎదురు తిరుగుతుంది.

కొందరు మిత్రులు అడగవచ్చు. "ఆమే కేసు వద్దంటున్నది కదా, మనిషి మారితే చాలంటున్నది కదా?" నిజమే. చాలామంది స్త్రీలు అదే అంటారు. పిల్లలున్నారు, ఇల్లుంది, పనుంది. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. దాన్ని మనం లాక్కోకూడదు. కానీ కేసు వద్దన్నంత మాత్రాన జరిగినది జరగనట్టు కాదు. ఆమె రాజీపడిందని రాద్దాం. దేని మీద రాజీపడిందో కూడా రాద్దాం.

మరికొందరు "ప్రతి గొడవా హింసేనా?" అంటారు. కాదు. ఆలుమగల మధ్య డబ్బు గురించి, పిల్లల గురించి, అత్తమామలతో ఉండటం గురించి నిజమైన వివాదాలుంటాయి. భరణం ఎంత, పిల్లలు ఎవరి దగ్గర, ఆస్తి ఎట్లా అన్నవి వివాదాలే. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది అలాంటి వాటికే. అక్కడ ఆ మాట సరైనదే. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఎదుటి మనిషికి కాదని చెప్పి, ఆ రాత్రి ఆ ఇంట్లో ఆమె భయం లేకుండా పడుకోగలదా? పడుకోగలిగితే అది వివాదం. లేకపోతే దానికి వేరే పేరుంది.

మనం చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. ముందు మన రిజిస్టర్లనుంచి మొదలుపెడదాం. ‘సమస్య రకం’ గడిలో ‘ఫ్యామిలీ డిస్ప్యూట్’ రాయడం మానేద్దాం. ఆమె చెప్పిన మాటే రాద్దాం. "కొట్టిండు" అంటే కొట్టాడని, "పైసలు గుంజుకున్నడు" అంటే డబ్బు లాక్కున్నాడని, తేదీ వేసి రాద్దాం. స్టేషన్‌కు తోడు వెళ్ళినప్పుడు పిటిషన్‌లో మొదటి వాక్యం ‘మా మధ్య గొడవలు జరుగుతున్నవి’ అని కాక, ‘ఫలానా రోజు, ఫలానా చోట, నా భర్త నన్ను’ అని మొదలయ్యేలా చూద్దాం. ఫిర్యాదు నమోదు చేయకపోతే పై పోలీసు అధికారికి రాతపూర్వకంగా పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ రెండు దారులూ ఇస్తున్నది. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా పొందే హక్కూ ఇస్తున్నది. ఆస్పత్రికి వెళితే దెబ్బ ఎలా తగిలిందో చీటీలో రాయించుకోమని చెబుదాం. కౌన్సెలింగ్‌లో కూర్చునే మన కార్యకర్తలు 14వ నియమం కాగితం చేతిలో పెట్టుకుని కూర్చుందాం. ‘కుటుంబ కలహాలు’ అని రాసిన పత్రికకు, ఎవరు ఎవరిని ఏం చేశారో రాయమని ఒక ఉత్తరం రాద్దాం.

మాట మార్చినంత మాత్రాన హింస ఆగిపోదని అనేవాళ్ళుంటారు. ఆగదు. కానీ డిస్ప్యూట్ అన్నంతకాలం ఆమెను అడిగే ప్రశ్న "నువ్వేమన్నావు?" అనే ఉంటుంది. సంఘటన అని రాసిన రోజు ప్రశ్న అతని వైపు తిరుగుతుంది. ‘తగవు’ అన్న మన పాత మాటకు న్యాయం అన్న అర్థం ఒకప్పుడు ఉండేది. ఆ అర్థం మళ్ళీ తేవడానికి నిఘంటువులు చాలవు. రేపు మన దగ్గరకు వచ్చే స్త్రీ చెప్పేది చెప్పినట్టుగా రాసుకోవడంతో ఆ పని మొదలవుతుంది.